రెండు గీతలు చెప్పనిది

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను బతికే ఉన్నాను. నాకిప్పుడు బడికి పోయే కొడుకున్నాడు, వాడు నా బుర్ర తినని రోజు లేదు. కాబట్టి ఇది చదువుతూ మధ్యలో భయపడి ఎవరూ పక్కన పెట్టేయనక్కర్లేదు. వాడు పుట్టకముందు, 2002 ఎండాకాలంలో, నాకు ఒక ఆపరేషన్ జరిగింది. దూరపు చుట్టాల్లో చాలామందికి అది ఇప్పటికీ అపెండిక్స్ ఆపరేషనే. అది అపెండిక్స్ కాదు. ఏమిటో ఇన్నేళ్ళకు రాయాలనిపించింది. రాస్తే నా గుండె కాస్త నెమ్మదిస్తుందని ఒక ఆశ. చేతిలో ఒక కార్డు పట్టుకుని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్న ఏ పిల్లకైనా పనికొస్తుందని ఇంకో ఆశ.

నేను పుట్టింది గుత్తిలో. మెట్టినిల్లు కదిరి. మా అత్తగారింట్లో ఎరువులు, విత్తనాల అంగడి. మామ లేడు. ఇంట్లో అత్త, మా ఆయన శ్రీనివాసులు, నేను. పెళ్ళయి మూడేళ్ళు దాటినా కడుపు పండలేదు. ఎవరింటికి పేరంటానికి పోయినా కుంకుమ పెట్టే చేత్తోనే "ఇంగా ఏం లేదా?" అని అడిగేవాళ్ళు. నాకసలే నోరెక్కువ. "ఉంటే మీకు చెప్పకుండా దాచుకుంటానా" అని నవ్వుతూ అంటించేదాన్ని. చివరికి అదే చేశాను, దాచుకున్నాను.

గుడి రథోత్సవం, మేం తేరంటాం, అయిపోయి ఊళ్ళో జనం పలచబడిన రోజులు. నాకు నెల తప్పి వారం దాటింది. అంతకుముందు ఒకటి రెండుసార్లు ఇట్లాగే ఆశపెట్టి మోసం చేసింది కాబట్టి ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో తప్ప. ఆయన ఎరువుల లోడు కోసం అనంతపురం పోయి, వస్తూ వస్తూ మందుల షాపులో గర్భపరీక్ష కార్డులు కొనుక్కొచ్చాడు. కదిరిలో దొరకవా అంటే భేషుగ్గా దొరుకుతాయి. కానీ ఇక్కడి మందుల షాపుల వాళ్ళంతా ఆయన్ని "అన్నా" అని పిలిచేవాళ్ళే. ఆయన ఆ కార్డు అడిగితే సాయంత్రానికల్లా మా అంగడికి యూరియా కోసం వచ్చిన రైతు కూడా ఆ సంగతి ఎత్తేవాడు.

"మూడెందుకండీ?" అన్నాను పొట్లం విప్పి.

"ఒకటి చెడిపోతే ఇంకోటి ఉంటాదని. మల్ల పోయి అడిగేకి నాకు సిగ్గు లేదా?"

పొద్దున్నే చేస్తే మంచిదని కార్డుతో వచ్చిన కాగితంలో ఉంది. రాత్రంతా లోపల నిలవున్న మూత్రం చిక్కగా ఉంటుందట. నీళ్ళు బాగా తాగేసి మధ్యాహ్నం చేస్తే, ఉన్నది కూడా లేదని చూపించవచ్చట. సరే, అట్లాగే చేశాను. కార్డు మీది చిన్న గుంటలో చుక్కలు వేసి, కార్డును కిటికీలో పెట్టి, ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ముందు ఒక గీత వచ్చింది. అది కార్డు బాగుందని చెప్పే గీత. ఆ తర్వాత రెండోది వచ్చీ రానట్టు, ఉందా లేదా అన్నట్టు తేలింది.

"అది గీత కాదు మే, నీడ," అన్నాడాయన.

"నీడయితే ఆ రంగెందుకుంటుంది? కళ్ళజోడు పెట్టుకోండి."

పలచగా వచ్చినా గీత గీతే అని కాగితంలో ఉంది. ఆయనకు ఆ ముక్క చదివి వినిపించాను. ఆయన కార్డును నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ ఇచ్చి, మళ్ళీ తీసుకున్నాడు. నాకైతే కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆ కాగితం చివర, వెంటనే డాక్టరును కలవమని కూడా ఉంది. ఆ మాట మాత్రం నేను గట్టిగా చదవలేదు.

మా అత్త పేరు వెంకటలక్ష్మమ్మ. చెప్పగానే ఆమె దేవుడి గూటి దగ్గరకు పోయి చాలాసేపు నిలబడింది. తిరిగొచ్చి నా తలమీద చెయ్యి పెట్టింది.

"మూడో నెల నిండేదాకా ఈ మాట గడప దాటకూడదు పాపా. మీ అమ్మోళ్ళకు కూడా వద్దు."

మాలో ఆ ఆచారం అందరిళ్ళలోనూ ఉంది. కానీ మా అత్తది ఉత్త ఆచారం కాదు. ఆమెకు మొదట నిలిచిన రెండు కడుపులూ, సంతోషం పట్టలేక నలుగురికీ చెప్పుకున్నాకనే పోయాయట. మూడోసారి నాలుగు నెలలు వచ్చేదాకా చీరకొంగు నిండుగా కప్పుకుని తిరిగిందట. అప్పుడు పుట్టినవాడే మా ఆయన. అంత దుఃఖం పడి నేర్చుకున్న మాటను ఛాదస్తమని ఎట్లా కొట్టిపారేస్తాను?

"డాక్టరమ్మకైనా చూపిచ్చుకుంటే మేలు కదత్తా?" అన్నాను.

"ఆడ బెంచీ మీద కూచుంటే ఊరికి టముకేసినట్టే కదమ్మా! కార్డు చెప్పేసినాది. ఇంగ డాక్టరమ్మ కొత్తగా ఏం చెప్తాది? మూడో నెల్లో పోదాంలే."

నాకూ ఆ మాట తీయగానే తోచింది. ఈ కార్డు లేని కాలంలో అయితే ఉందో లేదో తెలుసుకోవడానికైనా డాక్టరమ్మ ముందు కూర్చునేవాళ్ళం. కార్డు వచ్చి ఆ పనిని ఇంట్లోనే తేల్చేసింది. తెలుసుకోవచ్చు, ఎవరికీ తెలియనివ్వకుండా ఉండవచ్చు. మా ఇంటి రహస్యానికి అది అచ్చంగా కొలతపెట్టి కుట్టించినట్టు సరిపోయింది.

ఆ కొద్ది రోజులు మాత్రం నేను మహారాణినే. మా వీధికి అప్పట్లో నీళ్ళ ట్యాంకరు వచ్చేది, వచ్చిందంటే కొట్లాటే. నన్ను బిందె ముట్టనివ్వకుండా మా అత్తే మోసేది. ఎదురింటి కాసింబీ, మా అత్త ఈడుది, పైపు పట్టుకుని నిలబడి ఎగతాళి చేసేది.

"ఏం వెంకటలక్ష్మక్కా, కోడలు దొరసాని అయిపోయినాదే!"

"నడుము పట్టేసింది లేమ్మా దానికి," అని మా అత్త అబద్ధం చెప్పేది. ఆమెకు అబద్ధం రాదు. చెప్పేటప్పుడు బిందె వైపే చూసేది. నేను కిటికీ చాటున నోరు మూసుకుని నవ్వుకునేదాన్ని.

ఉగాది పోయిన తర్వాత ఒకరోజు చీరకు చిన్న మరక కనిపించింది. మరుసటి రోజు కూడా. దాంతోపాటు కుడిపక్కన, పొత్తికడుపులో, ఎవరో వేలు పెట్టి పొడిచినట్టు నొప్పి. వచ్చేది, పోయేది. అత్తకు చెప్పాను. ఆమె మొహం ఒక్క క్షణం పాలిపోయింది, వెంటనే సర్దుకుంది. "ఈ ఎండలకు ఉడుకు చేసింటాది. కొందరికి మొదట్లో అట్ల కనపడతాదిలే" అని సబ్జా గింజలు నానబెట్టి చక్కెరనీళ్ళలో కలిపి ఇచ్చింది. కదలకుండా పడుకోమంది.

నాకు మనసు ఆగలేదు. రెండో కార్డు తీశాను. పోయిందేమో చూద్దామని. రెండు గీతలూ వచ్చాయి. ఈసారి రెండోది మొదటిసారికంటే ముదురుగా ఉంది. అబ్బ, ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది! వంటింట్లోకి పరిగెత్తబోయి, పరిగెత్తకూడదని గుర్తొచ్చి నడిచి పోయి అత్తకు చూపించాను.

"సూడు, బంగారంగా ఉండాది. ఉత్తపుణ్యానికి భయపడితివి," అంది ఆమె.

ఆ రోజునుంచి నొప్పి ఒకటి చెప్తుంటే కార్డు ఇంకొకటి చెప్తూ వచ్చింది. నేను కార్డునే నమ్మాను. డిగ్రీ చదివినదాన్ని, అచ్చులో ఉన్న మాటను నమ్మడం నాకు అలవాటు. నా ఒంట్లో నొప్పిని మాత్రం ముసలమ్మ గొణుగుడు లాగా పక్కకు నెట్టేశాను. మా ఆయన ఒకటి రెండుసార్లు "పోనీ, అనంతపురంలో చూపిచ్చుకొద్దామా? ఆడ మనల్ని ఎవరు గుర్తుపడతారు?" అన్నాడు. బస్సు కుదుపులు మంచివి కాదని అత్త అంది. అవును కదా అని నేనూ తల ఊపాను. ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పడానికి నా పెద్ద నోరు ఆ పొద్దు యాడికి పోయిందో!

ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం కుడి భుజం లాగడం మొదలైంది. కడుపులో విషయానికీ భుజానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తెలుసు? మంచం మీద అడ్డదిడ్డంగా పడుకున్నాననుకుని బామ్ పూసుకున్నాను. కాసేపటికి స్నానాల గదిలో కడుపులో ఏదో తెగినట్టయింది. చెంబు చేతిలోంచి జారిపోవడం తెలుసు. ఆ తర్వాత మా అత్త గొంతు ఎక్కడో దూరంగా వినిపించడం తెలుసు. "శ్రీలక్ష్మీ, శ్రీలక్ష్మీ" అని పిలుస్తోంది.

ఊళ్ళో డాక్టరు నా కనురెప్ప తిప్పి చూసి, నాడి పట్టుకుని, "లోపల రక్తం పోతాండాది. ఈడ పెట్టుకోవద్దు, అనంతపురం ఎత్తుకోండి" అన్నాడట. మా అంగడికి బాడుగకు తిరిగే జీపు బాబయ్యది. వెనక సీటులో మా అత్త ఒడిలో నా తల. ముదిగుబ్బ, బత్తలపల్లి, ఆ ఎర్రటి బీళ్ళు, అన్నీ నా కళ్ళ ముందు ఊగుతూ పోయాయి. దాహం, దాహం అంటున్నానట. నీళ్ళు ఇవ్వొద్దని డాక్టరు చెప్పినందుకు మా అత్త కొంగు తడిపి నా పెదాలకు అద్దుతూ, "స్వామీ, దీన్ని నాకిడిచిపెట్టు, బిడ్డ లేకపోయినా పర్వాలేదు" అంటూనే ఉంది. ఆ మాట నేను విన్నాను. చచ్చిపోతున్నాననే భయం కంటే, ఆమె నోట ఆ మాట రావడానికే నాకు ఎక్కువ భయం వేసింది.

రక్తం కావాలన్నారు. మా ఆయనది కలవలేదు. జీపు బాబయ్య ఏమీ అడక్కుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఇచ్చి వచ్చి, అదే జీపులో కూర్చుని రెండు అరటిపండ్లు తిని, మళ్ళీ ఆసుపత్రి వరండాలోకి వచ్చి నిలబడ్డాడట. మా అత్త ఆపరేషన్ గది ముందు నేలమీద కూర్చుంది. బెంచీ ఖాళీగా ఉన్నా ఎక్కలేదట.

కళ్ళు తెరిచాక డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ, విసుగు దాచుకోని మనిషి.

"బిడ్డ గర్భసంచిలో కాదమ్మా, పక్కన ట్యూబులో నిలిచినాది. ఆడ పెరిగేకి చోటుండదు. చిట్లిపోయింది. ఒక ట్యూబు తీసేసినాం. ఇంగోటి బాగుండాది, బిడ్డలు కాకుండా పోరు. ఇన్ని రోజులు నొప్పి పెట్టుకుని ఎందుకు రాలేదు?"

"కార్డులో రెండు గీతలు వచ్చినాయి మేడం," అన్నాను. "రెండోసారీ వచ్చినాయి."

ఆమె నా మంచం అంచున కూర్చుంది. "వస్తాయమ్మా. అది తప్పు చెప్పలేదు. కడుపుందని చెప్తాది, యాడ ఉండాదో అది చెప్పదు. అది చెప్పేకి స్కానింగు చెయ్యాల."

ఇంటికి వచ్చాక ఏం చెప్పాలి? కడుపు వచ్చిందనే చెప్పలేదు, పోయిందని ఎట్లా చెప్తాం? వీధిలో జనం జీపును చూశారు, నన్ను మోసుకుపోవడం చూశారు. "అపెండిక్సు" అంది మా అత్త. అంతే, అదే ఖాయమైంది. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు పట్టుకుని అందరూ చూడ్డానికి వచ్చారు. ఎవరెవరికి అపెండిక్సు అయిందో, ఎంత తొందరగా లేచి తిరిగారో కథలు చెప్పారు. ఒకామె తన బొడ్డు పక్కన కుట్టు కూడా చూపించింది. నేను నవ్వాను, తల ఊపాను. బిడ్డ పోయిన ఆడదాని దగ్గర కూర్చుని ఏడ్చేవాళ్ళుంటారు, తల నిమిరేవాళ్ళుంటారు. అపెండిక్సు పోయినదాని దగ్గర ఏడ్చేవాళ్ళెవరు? మా ఆయన నా పక్కన కూర్చుని విసనకర్ర విసిరేవాడు. ఏదైనా మాట్లాడబోయి, లేచి అంగట్లోకి పోయేవాడు.

మే నెల సగానికి వచ్చింది. కుట్లు మానుతున్నాయి. బీరువాలో చీరలు సర్దుతుంటే మూడో కార్డు చేతికి తగిలింది. పారేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కానీ ఆ నాలుగైదు రోజులుగా పొద్దున్నే కడుపులో తిప్పుతోంది, అన్నం వాసన పడటం లేదు. ఇప్పుడనిపిస్తుంది, అది మందుల వేడి అయి ఉంటుందని. అప్పుడు మాత్రం చేతులు వాటంతట అవే కార్డు విప్పాయి.

రెండు గీతలు వచ్చాయి.

నాకు మతి పోయిందంటే నమ్మండి. ఇద్దరున్నారేమో, ఒకటి ట్యూబులో ఉంటే ఇంకొకటి సంచిలో ఉందేమో, డాక్టరమ్మ చూసుకోలేదేమో అని ఒక్క నిమిషంలో ఎన్ని ఊహలు కట్టేశానో! మా ఆయనను అంగట్లోంచి పిలిపించాను. ఆయన కార్డు చూసి గోడకు ఆనుకున్నాడు. "మన బిడ్డ యాడికీ పోలేదండీ," అన్నాను. ఆయన కళ్ళలో కూడా దీపం వెలిగింది. అత్తకు కార్డు సంగతి చెప్పకుండా, కుట్లు చూపించుకోవడానికని చెప్పి బస్సెక్కి అనంతపురం పోయాం.

అక్కడ బెంచీ మీద నా పక్కన ఒకామె, ఏడో నెలో ఎనిమిదో నెలో, చీరకొంగుతో విసురుకుంటూ కూర్చుంది. "నీకెన్నో నెల?" అని అడిగింది.

"మూడో నెల," అన్నాను.

నోరు తెరిచి ఒక బయటి మనిషికి ఆ మాట చెప్పడం నాకదే మొదటిసారి. ఆమె నవ్వి, "పుల్లగా తినాలనిపిస్తాందా?" అని సంచిలోంచి చీనీకాయ, బత్తాయే, తీసి తొన ఒలిచి చేతిలో పెట్టింది. తిన్నాను. ఆ తొన రుచిని మించిన రుచి నేను మళ్ళీ ఎరగను.

డాక్టరమ్మ స్కానింగు చేసింది, రక్తం తీయించింది. ఈసారి విసుక్కోలేదు.

"సంచి ఖాళీగా ఉండాది తల్లీ. కార్డు పట్టుకునేది బిడ్డను కాదు, బిడ్డ నిలిచినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్ను. బిడ్డ పోయినా అది రక్తంలోంచి ఒక్కసారిగా పోదు. కొన్ని వారాలుంటాది, కొంచెం కొంచెంగా తగ్గుతాది. పూర్తిగా పోయేదాకా మేమే రక్తపరీక్షలో చూసుకోవాల. ఇంగ ఆ కార్డుల జోలికి పోవద్దు."

మా ఆయన "సరే మేడం" అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. లేదని తెలిసింది. అయినా ఒక మూల ఏదో మిగిలి ఉంది. వాడిదో దానిదో గుర్తు ఇంకా నా రక్తంలో తిరుగుతోంది కదా అని.

రక్తపరీక్షలకు చెప్పినప్పుడల్లా పోయాను. అది కాక, డాక్టరమ్మ వద్దన్న పని కూడా చేశాను. నేనే మందుల షాపుకు పోయి, కదిరిలోనే, మొహమాటం లేకుండా అడిగి కార్డులు కొన్నాను. ఇక ఎవరేమనుకుంటే నాకేం? లోకంలో ఆడవాళ్ళంతా ఆ గీత రావాలని చూస్తారు. నేను అది ఎంత మిగిలి ఉందో చూసుకునేదాన్ని. ప్రతిసారీ ఇంకొంచెం పలచబడేది. కార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, "ఉంది, ఇంకా ఉంది" అనుకునేదాన్ని. పొద్దున్నే లేచి చేసేదాన్ని, మంచినీళ్ళు కూడా తాగకుండా, గీత పలచబడకూడదని.

జూన్‌లో, ఇంకా వాన చుక్క లేదు, రైతులు విత్తనాల ధర అడిగి ఆకాశం చూసి వెళ్ళిపోతున్న రోజుల్లో, ఒక పొద్దున ఒక్క గీతే వచ్చింది. కాసేపు ఆగాను. ఇంకాసేపు ఆగాను. ఒక్కటే.

లేచి వీధిలోకి వచ్చి అరుగుమీద కూర్చున్నాను. ఎందుకొచ్చానో తెలియదు. ట్యాంకరు వచ్చి నిలబడి ఉంది. అత్త బిందె పట్టుకుని వరసలో ఉంది. నా కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. కాసింబీ నన్ను చూసింది.

"ఏమ్మా, అపెండిక్సుకు ఇన్నాళ్ళు ఏడుస్తారా యాడన్నా? మా తమ్ముడు పదినాళ్ళకే సైకిలు తొక్కినాడు, లే!"

ఆమె ఓదార్చాలనే అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మా అత్త బిందెను ధన్‌మని కింద పెట్టింది.

"అపెండిక్సు కాదు కాసింబీ! బిడ్డ. నా కోడలికి బిడ్డ పోయినాది. సంచిలో కాక ట్యూబులో నిలిచినాది. మచ్చలు కనపడినాయని చెప్పినాది, పక్కన నొప్పి అనింది, నేనే ఎవురికీ చెప్పొద్దంటి. నేనే ఆసుపత్రికి పోనీకుండా పెట్టుకుంటి. నేనే..."

పైపులోంచి నీళ్ళు నేలమీదికి పోతున్నాయి. ఆ కరువులో ఒక్కరూ పైపు ఎత్తలేదు. ముందు ఒకామె వచ్చి నా పక్కన అరుగుమీద కూర్చుంది, తర్వాత ఇంకొకామె. ఎవరో నా తలను తన భుజానికి ఆనించుకున్నారు. అప్పుడేడ్చాను, వీధి చివరిదాకా వినిపించేలా, నోరు తెరిచి. బిడ్డ పోయిందని నేను ఏడ్చింది ఆ రోజే.

కాసింబీ మా అత్త ముందు నిలబడి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"మా చెల్లెలు మదనపల్లిలో పోయినాది కదక్కా, నీకు తెలుసు కదా. అది ఇదే. ఇట్లనే మచ్చలు, ఇట్లనే ఒక పక్క నొప్పి, భుజం లాగేది. మూడో నెల నిండలేదని మేమూ ఎవురికీ చెప్పలేదు. పోయినంక కూడా కడుపునొప్పి అనే చెప్పుకున్నాం. నువ్వు ఒక్క మాట నా చెవిన ఏసింటే, ఆ పొద్దే దీన్ని ఆటో ఎక్కించిందును కదక్కా..."

మా గడపకూ కాసింబీ గడపకూ మధ్య ఉన్నది ట్యాంకరు నిలబడేంత దారి, అంతే.